ఎందుకు చదువుతావు?

మే నెల వచ్చి ప్లస్ టూ ఫలితాలు వెలువడగానే మన రాజపాళయంలో ఏ వీధికి వెళ్ళినా రెండే ప్రశ్నలు వినిపిస్తాయి. మొదటిది, "ఎన్ని మార్కులు?" రెండవది, "ఎక్కడ సీటు?" పాలు పోయవచ్చినవాడు అడుగుతాడు. పెండ్లిపందిట్లో ప్రక్కన కూర్చున్నవారు అడుగుతారు. ఎన్నడూ పలకరించని దూరపు బంధువు ఫోను చేసి మరీ అడుగుతాడు. "నీవు ఏమి చదువుదామనుకుంటున్నావు? అదే ఎందుకు చదువుదామనుకుంటున్నావు?" అని అడిగినవారిని మాత్రం మేము చూడలేదు. ఇతరులను అననేల? ఇన్నాళ్ళూ మేమూ అడగలేదు. ఆ తప్పు ముందుగా ఒప్పుకొని ఈ వ్యాసం మొదలుపెడుతున్నాము.

మా సంగతే చెప్పుకోవలసివస్తే, మేము కామర్సు చదివినది దానిమీది ప్రేమతో కాదు. దరఖాస్తు ఇవ్వవలసిన రోజున సైన్సు కిటికీ దగ్గర వరుస వీధిదాకా ఉన్నది, కామర్సు కిటికీ దగ్గర పదిమంది ఉన్నారు. ఎండ మండిపోతున్నది. నాయన మమ్మల్ని పొట్టి వరుసలో నిలబెట్టాడు. ఆ వరుసే మా జీవితమైపోయింది. ఆ చదువు మాకు అన్నం పెట్టింది, కాదనము. కాని ఈనాటికీ ఎవరైనా "మీరు కామర్సు ఎందుకు తీసుకున్నారండీ?" అంటే మా దగ్గర ఉన్న జవాబు ఆ ఎండ ఒక్కటే.

మార్కులనుబట్టి సీటు ఇవ్వడం తప్పని మేము అనడంలేదు. మన తమిళనాట ఇంజనీరింగు చేరికకు కటాఫ్ లెక్క అందరికీ కంఠతా వచ్చినదే. గణితం నూటికి, భౌతికం యాభైకి, రసాయనం యాభైకి, కలిపి 200. ఒకప్పుడు దీనికి తోడు ప్రవేశపరీక్ష కూడా ఉండేది. పట్నాలలో కోచింగు చదివే స్థోమత ఉన్నవారికే అది లాభించేదన్న వాదం మీద ప్రభుత్వం 2006లో చట్టం చేసి, 2007నుండి దానిని తీసివేసింది. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వైద్యవిద్యలో 2020నుండి, ఇంజనీరింగు మొదలైన వాటిలో 2021నుండి నూటికి 7.5 వంతు సీట్లు ప్రత్యేకించారు. అంకె ఎవరి బిడ్డవని అడగదు, ఎవరి సిఫార్సు తెచ్చావని అడగదు. పేదవాడికి అంతకన్న పెద్ద న్యాయం దొరకడం కష్టం.

అయితే అంకె ఎవరి బిడ్డవని అడగనట్లే, ఎందుకు వచ్చావనీ అడగదు. అక్కడే చిక్కు. పదిహేడేళ్ళదాకా ఎవరూ అడగని ప్రశ్న ఒకనాడు హఠాత్తుగా ఎదురైతే పిల్లవాడు నోరు వెళ్ళబెట్టక ఏమి చేస్తాడు?

ఆ ప్రశ్న ఎదురయ్యే చోట్లు నానాటికీ పెరుగుతున్నవి. ఇంగ్లండులో డిగ్రీ చదువుకు దరఖాస్తు పెట్టేవారంతా తమ సంగతి తాము వ్రాసుకోవాలి. అందుకు ఇచ్చే చోటు మొత్తం 4000 అక్షరాలు. ఇదివరకు దానిని ఒకే వ్యాసంగా వ్రాసేవారు. 2026లో చేరేవారి దరఖాస్తులనుండి దానిని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ విషయమే ఎందుకు చదవాలనుకుంటున్నావు? ఇంతవరకు చదివిన చదువు నిన్ను దానికెలా సిద్ధం చేసింది? బడి వెలుపల నీవు చేసినదేమిటి, అది ఎందుకు పనికివస్తుంది? అమెరికాలో చాలా కాలేజీలు కలిసి వాడే ఉమ్మడి దరఖాస్తులో 650 మాటలకు మించని వ్యాసం వ్రాయాలి. మన దేశంలోనూ కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వ్యాసం వ్రాయిస్తున్నవి, ఎదుట కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నవి. స్కాలర్‌షిప్పు ఇచ్చే ధర్మసంస్థలవారు సరేసరి. డబ్బు ఇచ్చేవాడు ఎందుకని అడగకుండా ఇవ్వడు గదా!

ఇక అసలు సంగతికి వస్తాము.

ఈ సంవత్సరం మన సంఘం పిల్లలలో ఒక అమ్మాయి అటువంటి దరఖాస్తు ఒకటి పట్టుకొని మా ఇంటికి వచ్చింది. పేరు వ్రాయము. ఈ కథ వ్రాయడానికి ఆమె, ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, అంతవరకు చాలు. తండ్రి ఒక నూలు మిల్లులో కార్డింగు విభాగంలో పనిచేస్తాడు. ఏ మిల్లు అన్నది ఇక్కడ అప్రస్తుతం. అమ్మాయికి మార్కులు బాగా వచ్చినవి. కటాఫ్‌లో మంచి కాలేజీలోనే కంప్యూటరు ఇంజనీరింగు దొరకవచ్చు. తండ్రి కోరిక అదే. అమ్మాయి మాత్రం మరొక రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదవాలంటుంది. అక్కడ మార్కులతోపాటు వ్యాసం, ఆపైన ఇంటర్వ్యూ.

ఆమె వ్రాసి తెచ్చిన వ్యాసం ఇంగ్లీషులో ఉన్నది. చిన్ననాటినుండి జీవశాస్త్రం తన ప్రాణమనీ, మానవసేవ తన ధ్యేయమనీ, ఈ విశ్వవిద్యాలయం ప్రపంచప్రసిద్ధమనీ అందులో ఉన్నది. ఒక్క తప్పు లేదు. ఒక్క నిజం కూడా కనిపించలేదు. "ఇది నీవే వ్రాశావా, అమ్మా?" అన్నాము. తల వంచుకున్నది. కొంత కంప్యూటరు వ్రాసిందట, కొంత స్నేహితురాలి అక్క వ్యాసంనుండి తీసుకున్నదట.

మేము కోపగించుకోలేదు. పెండ్లి శుభలేఖలో వరుడు చిరంజీవి, వధువు చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని ఎలా వ్రాస్తామో అలాగే వ్రాసింది పాపం. అందరి శుభలేఖా ఒక్కటే. దాన్ని చూసి ఆ పెండ్లికొడుకు ఎలాంటివాడో ఎవరూ తెలుసుకోలేరు.

"కాగితం అవతల పెట్టు. మన మాటలో చెప్పు. జీవశాస్త్రం ఎందుకు?" అన్నాము.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా నాయన దగ్గు గురించి," అన్నది.

తండ్రికి దగ్గు ఉన్నదనీ, ఛాతీ బిగపట్టినట్లుంటుందనీ ఇంట్లో అందరికీ తెలుసు. బీడీ కాల్చేవాడు కాదు. ఈ పిల్ల పదవ తరగతిలో ఒకటి కనిపెట్టింది. వారపు సెలవు గడిచి మళ్ళీ పనికి వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం దగ్గు ఎక్కువ. రెండవనాటికి తగ్గుతుంది. వారం చివరకు దాదాపు ఉండదు. సెలవునాడు హాయిగా ఉంటాడు. మరునాడు మళ్ళీ మొదలు. విశ్రాంతి తీసుకున్న తరువాత రోగం తగ్గాలి గాని పెరగడమేమిటి? ఆ ప్రశ్న ఆమెను వదలలేదు. ఒక నోటుపుస్తకం పెట్టి నాలుగు నెలలు ఏనాడు ఎలా ఉన్నదో వ్రాసింది. తండ్రికి తెలియనివ్వలేదు.

ఆ పుస్తకం తెప్పించి చూశాము. గళ్ళు గీసి ఉన్నది. ప్రక్కన చిన్న చిన్న మాటలు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. మన ఊరి పిల్లల చదువు అంతే గదా! శతాబ్దాల క్రిందట మనవాళ్ళు ఆంధ్రదేశంనుండి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఇంటిభాష నిలుపుకున్నాము గాని, లిపి చాలా ఇళ్ళలో చేయిజారింది. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, దరఖాస్తులో ఇంగ్లీషు. ఆ అమ్మాయి నిజం మొదటి దానిలో ఉన్నది. దరఖాస్తుకు మూడవది కావలసివచ్చింది. మధ్యలో వంతెన లేక అరువు మాటలు తెచ్చుకున్నది.

ఆమె కనిపెట్టినది ఉత్త ఊహ కాదు. దూది ధూళివల్ల వచ్చే ఈ ఊపిరితిత్తుల వ్యాధికి వైద్యులు బిసినోసిస్ అని పేరు పెట్టారు. సెలవు తరువాతి మొదటి పనిదినాన ఛాతీ బిగపట్టడం దాని ముఖ్యలక్షణం. దూదిని విదిల్చే బ్లో రూములోనూ, కార్డింగులోనూ పనిచేసేవారికి ముప్పు ఎక్కువ. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులలో 1950ల దశకంలో రిచర్డ్ షిల్లింగ్ అనే వైద్యుడు కార్మికులను పరీక్షించి, ఆ మొదటి రోజు లక్షణాన్నిబట్టే వ్యాధిని దశలుగా విభజించాడు. అమెరికా ప్రభుత్వం 1978లో మిల్లు గాలిలో దూది ధూళి ఇంతకు మించరాదని పరిమితి విధించింది. తండ్రికి ఉన్నది ఆ వ్యాధి అవునో కాదో చెప్పవలసినది వైద్యుడు, మేము కాదు. కాని ఒక పల్లెటూరి పంతులుగారి సహాయం కూడా లేకుండా ఒక పిల్ల సరైన ప్రశ్న వేసిందని మాత్రం చెప్పగలము.

"ఇది వ్రాయకుండా మానవసేవ అని ఎందుకు వ్రాశావు?" అన్నాము.

"ఇది చదువు కాదు కదండీ. ఇంటి సంగతి," అన్నది.

ఈ మాట దగ్గర చదువరులు కొంచెం ఆగవలెనని మనవి. మన పిల్లలకు మనం నేర్పినది ఇదే. చదువంటే పుస్తకంలో ఉండేది, ఇల్లంటే దానికి సంబంధం లేనిది. కాని చరిత్ర తిరగవేసి చూస్తే పెద్దల చదువులు చాలావరకు ఇంటినుండీ ఒంటినుండీ పుట్టినవే.

యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకుందాము. 1895లో భీమవరంలో పుట్టిన ఈ మహనీయుడు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణివ్యాధికి బలి అయినారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1922లో అమెరికా చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువులో ప్రవేశించాడు. చేతిలో డబ్బు లేక ఆసుపత్రిలో కూలిపని చేశాడు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు అది మందుగా పనికివచ్చింది. సోదరుల మరణం ఒక్కటే ఆయనను శాస్త్రజ్ఞుణ్ణి చేసిందనడం పొరపాటు. దుఃఖం అందరిళ్ళలోనూ ఉన్నది. ఆ దుఃఖంలోనుండి ఒక ప్రశ్న పుట్టి, ఆ ప్రశ్న వెనుక ఇరవైయేళ్ళ పని నడిచింది. చూడవలసినది ఆ పనిని.

తన సంగతి తాను ఎలా చెప్పుకోవాలి అన్నదానికి మన దక్షిణదేశంలోనే మరొక గొప్ప ఉదాహరణ ఉన్నది. శ్రీనివాస రామానుజన్ 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన ఉత్తరం. అప్పటికి ఆయన మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా. ఒక్క గణితం తప్ప తక్కిన పాఠాలు తప్పి కుంభకోణంలో స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు, మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. ఇవాళ్టి కటాఫ్‌లో ఆయన పేరు ఎక్కడా కనిపించదు. ఆ ఉత్తరంలో ఆయన చేసినది మూడు పనులు. తాను ఎవరో, జీతమెంతో, తనకు విశ్వవిద్యాలయపు చదువు లేదని దాచకుండా చెప్పాడు. తీరిక సమయాన్ని దేనికి ఖర్చుపెట్టాడో చెప్పాడు. తాను సాధించిన సిద్ధాంతాలను పేజీలకొద్దీ జతపరిచాడు. గణితం నా ప్రాణమని వర్ణించుకోలేదు. చేసిన లెక్క చూపించాడు. ఆ సంవత్సరమే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. 1914 మార్చిలో ఓడ ఎక్కాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయినాడు.

మన పిల్లలందరూ రామానుజన్‌లు కానక్కరలేదు. కాని ఆ ఉత్తరపు కట్టుబాటు ఎవరైనా అనుసరించవచ్చు. లేనిది ఒప్పుకోవడం, ఉన్నది చూపించడం, కావలసినది అడగడం.

అమ్మాయికి ఈ మాటలే చెప్పాము. ముందు తెలుగులో, తనకు వచ్చిన తమిళ అక్షరాలలోనే వ్రాసుకొమ్మన్నాము. వ్రాసినది వాళ్ళ అవ్వకు చదివి వినిపించమన్నాము. అవ్వకు అర్థం కాని వాక్యం ఉంటే అందులో అర్థం లేదన్నమాట. ఆ తరువాత ఇంగ్లీషులోకి మార్చుకోమన్నాము. వ్యాకరణం మేము దిద్దాము గాని మాట మార్చలేదు.

రెండవసారి వచ్చినప్పుడు వ్యాసం బాగున్నది, అమ్మాయి ముఖం బాగాలేదు. అవ్వకు చదువుతుంటే తండ్రి విన్నాడట. "నా దగ్గు సంగతి కాలేజీవాళ్ళకెందుకు? ఊరంతా చాటుతావా? మిల్లులో తెలిస్తే నా పని ఏమవుతుంది?" అని కేకలు వేశాడట.

ఆ సాయంత్రం మేము వాళ్ళింటికి వెళ్ళాము. ఆయన అరుగుమీద కూర్చున్నాడు. కాఫీ ఇచ్చారు. ప్రొద్దు వాలింది. ఆయన చాలా మర్యాదగానే మాట్లాడాడు.

"అన్నా, మీరు చదువుకున్నవారు, మీకు చెప్పగలవాణ్ణి కాను. నేను దీన్ని కంప్యూటరు చదవమన్నది దేనికో తెలుసా? ఆ ఆఫీసుల్లో తలుపులు మూసి ఉంటాయి. చల్లగా ఉంటుంది. ధూళి ఉండదు. అంతే. నా బిడ్డ ఊపిరి బాగుండాలి. అది కాస్తా నా ఊపిరిని పట్టుకొని కూర్చుంటే ఎట్లా?"

మా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇద్దరి కారణమూ ఒక్కటే. తండ్రి ఆ ధూళినుండి కూతురిని దూరంగా పంపాలనుకున్నాడు. కూతురు ఆ ధూళిదగ్గరకే వెళ్ళి దాని గుట్టు తెలుసుకోవాలనుకున్నది. ఒకరికొకరు "ఎందుకు" అని అడగనందువల్ల ఇద్దరూ రెండేళ్ళుగా ఎడమొగం పెడమొగంగా ఉన్నారు.

ఆయన భయం కూడా తీసివేయదగినది కాదు. మన కష్టం మరొకరి దరఖాస్తుకు అలంకారం కారాదు. ఈ రోజులలో కొందరు పిల్లలచేత ఇంట్లోని చావులూ రోగాలూ వెదికించి వ్యాసాలు వ్రాయిస్తున్నారు. అది మాకు సమ్మతం కాదు. ఎవరి బాధయితే వ్రాస్తున్నామో వారి అనుమతి లేనిదే వ్రాయరాదు. అమ్మాయితో ఆ మాటే అన్నాము. "నాయన వద్దంటే ఇది వద్దు. ఇంకొకటి వ్రాద్దాము."

ఆ పిల్ల ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన పేజీలు తిప్పాడు. తేదీలు, గళ్ళు, "ఈ రోజు మెట్లమీద రెండుసార్లు ఆగాడు", "ఈ రోజు బాగా నిద్రపోయాడు". నాలుగు నెలలు. ఆయన చాలాసేపు ఆ పుస్తకం మూయలేదు.

చివరకు, "పేరు వ్రాయొద్దు. మిల్లు పేరూ వ్రాయొద్దు," అన్నాడు. "మిగతాది నీ ఇష్టం."

వ్యాసంలో "నాకు తెలిసిన ఒక కార్మికుడు" అని మార్చింది. దానివల్ల వ్యాసం చెడలేదు, ఇంకా బిగువెక్కిందని మా అభిప్రాయం. ఏడుపు తగ్గి, చూసిన సంగతి పైకి వచ్చింది. తన లెక్కలో లోపాన్ని కూడా తానే వ్రాసింది. ఒక్క మనిషిని చూసి లోకానికంతటికీ తీర్పు చెప్పలేము, వందమందిని ఎలా చూడాలో, ఎలా కొలవాలో తనకు తెలియదు, అది నేర్చుకోవడానికే వస్తున్నాను అని. ఒక కాలేజీకి ఇంతకన్న మంచి కారణం ఎవరు చెప్పగలరు?

ఇక మన తల్లిదండ్రులకూ పిల్లలకూ నాలుగు మాటలు మనవి చేసి ముగిస్తాము.

కారణం గొప్పదిగా ఉండనక్కరలేదు, మనదిగా ఉంటే చాలు. సత్రపట్టి మగ్గాల దగ్గర బ్యాండేజి గుడ్డ ఎలా నేస్తారో చూసి ఆ పరిశ్రమ లెక్కలు తెలుసుకోవాలన్నా కారణమే. కొండక్రింది తోటలో మామిడి పూత ఎందుకు రాలిపోయిందో తెలుసుకోవాలన్నా కారణమే. ఆ కోరిక పుట్టిన తరువాత నీవు ఏమి చేశావో చెప్పాలి. ఏమి చదివావు, ఎవరిని అడిగావు, ఏమి లెక్కవేశావు? ఏమీ చేయకపోతే ఇవాళ మొదలుపెట్టు. ప్లస్ వన్‌లో మొదలుపెడితే రెండేళ్ళ వ్యవధి ఉన్నది. ఆ కాలేజీలో ఏ పాఠం నీకు కావాలో పేరుతో చెప్పు. ప్రపంచప్రసిద్ధమని వాళ్ళకు నీవు చెప్పనక్కరలేదు, వాళ్ళకు తెలుసు. ఇతరుల వ్యాసం దించకు. ఇంగ్లండులో అందిన వ్యాసాలను ఒకదానితో ఒకటి పోల్చిచూసే యంత్రాంగమే ఉన్నది. యంత్రం పట్టకపోయినా ఇంటర్వ్యూలో మనిషి పడతాడు. నీవు వ్రాయనిదాని గురించి నీవు పది నిమిషాలు మాట్లాడలేవు.

ప్రశ్న అడిగే కాలేజీకి వెళ్ళనివారికి కూడా ఈ శ్రమ వృథా కాదు. 1973లో వెలసిన మన రాజుల కళాశాలలో చేరినా, 2013లో ఆరంభమైన రామ్కో ఇంజనీరింగు కళాశాలలో చేరినా, "నేను ఇక్కడికి ఎందుకు వచ్చాను" అని తెలిసిన పిల్లవాడు చదివే తీరే వేరు. 1936లో రాజపాళయం మిల్లు స్థాపించి మన ఊరికి బ్రతుకుతెరువు చూపించినవారి ఊరు మనది. ఆ మిల్లుల వీధులలో పుట్టిన పిల్లలు బ్రతుకుతెరువుతోపాటు ప్రశ్నకూడా వెంట తీసుకువెళ్ళాలని మా కోరిక.

ఆ అమ్మాయి దరఖాస్తు వెళ్ళింది. ఇంటర్వ్యూ పిలుపు ఇంకా రాలేదు. వస్తుందో రాదో మేము చెప్పలేము. రాకపోతే ఇంజనీరింగు కౌన్సెలింగు ఉండనే ఉన్నది, దానికీ దరఖాస్తు పెట్టి ఉంచారు. అయితే ఒక ఫలితం అప్పుడే వచ్చింది. పోయిన వారం తండ్రి సెలవు పెట్టి ఛాతీ డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. వెంట కూతురు వెళ్ళింది. సంచిలో నోటుపుస్తకం ఉన్నది. డాక్టరు ఏమన్నారో అది వారి ఇంటి సంగతి. ఆయన ఆ పుస్తకాన్ని మొదటి పేజీనుండి చివరిదాకా చదివారని మాత్రం అమ్మాయి వచ్చి మాతో చెప్పింది.